గొర్రెల కాపరులదీ నైట్ షిఫ్టే

డిసెంబరు 24వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద కాసేపు నిలబడి చూడండి. ఒకవైపు కొత్త బట్టలు కట్టుకుని, బైబిలు చేతబట్టుకుని, పిల్లలను నడిపించుకుంటూ ఆరాధనకు వెళ్లే కుటుంబాలు కనిపిస్తాయి. మరోవైపు మెడలో ఐడీ కార్డు వేసుకుని ఆఫీసు క్యాబ్ కోసం ఎదురుచూసే యువతీ యువకులు కనిపిస్తారు. ఈ రెండో వరుసలోనూ మన బిడ్డలున్నారు. మొదటి వరుస కోసం మన సంఘాలు నెలరోజుల ముందు నుంచే ఏర్పాట్లు చేస్తాయి. రెండో వరుస గురించి మాత్రం ఒక్క మాటే వినబడుతుంది: ‘ఈ కాలం పిల్లలకు భక్తి తగ్గిపోయింది.’

ఈ మాట న్యాయమైనది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒకప్పుడు ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మాది బాపట్ల దగ్గర పల్లె. మా చిన్నతనంలో క్రిస్మస్ అంటే 25వ తేదీ కన్నా ముందు రాత్రే ఎక్కువ గుర్తు. పది రోజుల ముందే పళ్లాల్లో మట్టి పోసి రాగులు చల్లేవాళ్లం. పండుగ నాటికి అవి మొలకెత్తితే పశువుల పాక ముందు పచ్చిక అయ్యేది. సముద్రం వైపు నుంచి సరుగుడు కొమ్మ తెచ్చి గుడిలో నాటితే అదే క్రిస్మస్ చెట్టు. వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రం చేసి ఇంటి ముందు ఎత్తుగా కట్టేవాళ్లం. రాత్రికి పెట్రోమాక్స్ లైటు, హార్మోనియం, డోలక్, తాళాలతో యవ్వనస్థులు కేరల్స్‌కు బయలుదేరేవారు. ప్రతి ఇంటి దగ్గరా ఒక పాట, ఒక ప్రార్థన, ఒక గ్లాసు టీ, గుప్పెడు జంతికలు.

అన్నిటికన్నా ముందు అరిసెలు. డిసెంబరులో కొత్త ధాన్యం ఇంటికి వచ్చేది, కొత్త బెల్లం వచ్చేది. బియ్యం నానేసి, తడి ఆరకముందే దంచి, జల్లించి, పాకంలో కలపాలి. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అందుకే పాకం చూసే అధికారం మా నాయనమ్మ ఒక్కదానిదే. ఒకరు ఒత్తాలి, ఒకరు నూనెలో వేయాలి, ఒకరు తీసి రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. ఒంటరిగా చేసుకునే వంట కాదది. ఇంట్లో మనుషులు చాలకపోతే పక్కింటివాళ్లు వచ్చి కూర్చునేవారు. ఇవాళ మా ఇంట్లో, రేపు వాళ్ల ఇంట్లో. ఆ పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడే అలిగినవాళ్లు మాట్లాడుకున్నారు, సంబంధాలు కుదిరాయి, పిల్లలు బేత్లెహేము కథ విన్నారు.

అయితే పాత రోజులన్నీ బంగారమని చెప్పను. మా పేట నుంచి వెళ్లిన పళ్లెం ఊళ్లో అన్ని గుమ్మాలూ దాటేది కాదు. కొందరు వాకిట్లోనే ఆపేవారు, కొందరు తీసుకుని పశువులకు వేసేవారు. కారణం మన పెద్దలకు విడమరచి చెప్పనక్కర్లేదు. పండుగ పళ్లెం తిరిగి వస్తే అమ్మ ముఖం ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ సంగతి మరువకండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్లు, పొదలు ఉన్న మాదాపూర్ చూస్తుండగానే మారిపోయింది. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి, తెలంగాణ పల్లెల నుంచి మన పిల్లలు వచ్చి కొండాపూర్, మియాపూర్, మణికొండల్లో కాపురాలు పెట్టారు. మిషన్ బడుల్లో చదువుకున్న తాతల మనవలు వీళ్లు. గుంటూరులో 1842లో హయ్యర్ దొర మొదలుపెట్టిన లూథరన్ పని, ఒంగోలులో బాప్టిస్టుల పని, మెదక్‌లో వెస్లియన్ల పని, ఇవన్నీ కలిసి ఈరోజు సైబరాబాద్ సంఘాల్లో ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాయి. ఇది దేవుని కృప.

ఈ కొలువులకు ఒక షరతు ఉంది. మన గడియారం మనది కాదు. శీతాకాలంలో న్యూయార్క్ కన్నా మనం పదిన్నర గంటలు ముందుంటాం. ఇక్కడ 24 అర్ధరాత్రి పన్నెండు కొట్టేటప్పుడు అక్కడ అదే 24వ తేదీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అమెరికావాళ్లు చివరి నిమిషపు క్రిస్మస్ సరుకులు కొనుక్కునే వేళ అది. అంటే, వాళ్ల పండుగ సరిగ్గా జరగాలంటే ఇక్కడ ఎవరో కంప్యూటర్ల ముందు మేలుకోవాలి. వాళ్ల క్రిస్మస్ కోసం మన పిల్లలు తమ క్రిస్మస్ రాత్రిని ఇస్తున్నారు. ఇది భక్తి తగ్గడం కాదు, లెక్క అలా ఉంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఉద్యోగ విరమణ తర్వాత నేను, నా భార్య మా అబ్బాయి దగ్గరకు కొండాపూర్ వచ్చాం. మొదటి క్రిస్మస్‌కే వాడికి 24 రాత్రి షిఫ్ట్ పడింది. ఒక అమెరికా దుకాణాల సంస్థకు ఇక్కడి నుంచి సేవలందించే పని. బంధువులు వచ్చారు, నక్షత్రం వెలుగుతోంది, వాడు మాత్రం బూట్లు వేసుకుంటున్నాడు. నాకు కోపం వచ్చింది. ‘‘ఏరా, ప్రభువు పుట్టిన రాత్రి కూడా డాలర్లేనా?’’ అన్నాను, అందరూ వినేలా.

వాడు బదులు చెప్పలేదు. ‘‘పొద్దున ఆరాధనకు వచ్చేస్తాను నాన్నా’’ అని మాత్రం అన్నాడు. నా భార్య స్టీలు డబ్బా నిండా అరిసెలు, కారప్పూస పెట్టి వాడి చేతికిచ్చింది. నాతో ఆ రాత్రి ఆమె మాట్లాడలేదు.

తెల్లవారుజామున వాడు వచ్చేసరికి నేను గేటు దగ్గరే ఉన్నాను. క్యాబ్ డ్రైవరు కిందకు దిగి నాకు దండం పెట్టి, ‘‘అరిసెలు మా అమ్మ చేసినట్టే ఉన్నాయి సార్. మూడేళ్లయింది ఇంటి అరిసె తిని’’ అన్నాడు. అతను క్రైస్తవుడు కాడు. డబ్బా ఖాళీ. ఎవరెవరు తిన్నారని అడిగితే వాడు చాలా మామూలుగా చెప్పాడు: టీమ్‌లో ఉన్నవాళ్లు, కింద సెక్యూరిటీలో ఉన్న ఒడిశా కుర్రాడు, నేల తుడిచే ఇద్దరు ఆడవాళ్లు. ‘‘ఇవాళ ఏం పండుగ అని వాళ్లే అడిగారు నాన్నా. చెప్పాను’’ అన్నాడు.

ఆ ఉదయం ఆరాధనలో లూకా సువార్త 2వ అధ్యాయం చదువుతుంటే నేను ఎన్నోసార్లు విన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ దేశంలో పొలంలో ఉండి రాత్రివేళ తమ మందను కాచుకుంటున్నవారికి కదా దూత కనిపించింది! వాళ్లు దేవాలయంలో లేరు. కుటుంబంతో కూర్చుని భోజనం చేయడం లేదు. డ్యూటీలో ఉన్నారు. మంద యజమాని వేరెవరో కావచ్చు, జీతం తక్కువే కావచ్చు, నిద్ర లేదు, చలి. లోకరక్షకుని జనన వార్త మొదట విన్నది నైట్ షిఫ్ట్‌వాళ్లు. నేను ముప్పై ఏళ్లు సండే స్కూలు చెప్పాను. ఆ వచనం నా కొడుకుకు సంబంధించినదని ఒక్కనాడూ అనుకోలేదు.

కాబట్టి మొదటి విన్నపం పెద్దలకు. షిఫ్ట్‌కు వెళ్లే బిడ్డను గుమ్మంలో నిందించి పంపకండి. ప్రార్థన చేసి పంపండి, డబ్బా నింపి పంపండి. మనం కూర్చున్న ఫ్లాటు, మన మందులు, చెల్లెలి చదువు, ఊళ్లో గుడికి పంపే కానుక, వీటిలో చాలామటుకు ఆ రాత్రుల నుంచే వస్తున్నాయి.

అయితే యువతతోనూ ఒక మాట చెప్పాలి. ‘రాత్రి లేదు కాబట్టి పండుగ కూడా అక్కర్లేదు, ఒక కేకు ఆర్డరు పెడితే సరిపోతుంది’ అనే ధోరణి కూడా పెరుగుతోంది. నేను కేకుకు వ్యతిరేకిని కాదు. ప్లమ్ కేకు పాశ్చాత్యమనీ, అరిసెలు అన్యుల పండుగ వంటకమనీ, నక్షత్రం లేఖనంలో లేదనీ ఏటా వాదించుకునేవాళ్లున్నారు. నక్షత్రం మత్తయి సువార్తలోనే ఉంది. కేకు, అరిసె రెండూ లేఖనంలో లేవు. తినే తిండిని బట్టి, ఆచరించే దినాన్ని బట్టి ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో బోధించాడు. మనలో క్రిస్మస్‌ను ప్రత్యేకంగా ఆచరించని సహవాసాలు కూడా ఉన్నాయి. వారి మనస్సాక్షిని గౌరవిద్దాం. ఆచరించే మనం మాత్రం ఎలా ఆచరిస్తున్నామో ఆలోచించాలి.

దీనికి మంచి కొలత నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఉంది. చెర నుంచి తిరిగి వచ్చిన ప్రజలు ధర్మశాస్త్రం విని ఏడుస్తుంటే, ఇది పరిశుద్ధ దినం, ఏడవకండి, వెళ్లి మంచి భోజనం చేయండి, మధురమైనది తాగండి అని చెప్పారు. అక్కడితో ఆగలేదు. తమకోసం ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపమన్నారు. పండుగ తిండి గురించి లేఖనం చెప్పే సంగతి ఇది. తినడం తప్పు కాదు. పంపకుండా తినడమే లోటు.

మెదక్ మహాదేవాలయాన్నే చూడండి. కరువుతో జనం అల్లాడుతున్న కాలంలో చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ కట్టడంలో పని కల్పించి వారికి అన్నం పెట్టారు. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి. సైబరాబాద్ నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు కార్లలో వెళ్లి ఆ గోపురం ముందు ఫొటోలు దిగుతాయి. ఆ రాళ్లు పేర్చినవారిలో ఆకలిగా వచ్చినవారున్నారని పిల్లలకు చెబుతున్నామా?

ఇప్పుడు ఆ పళ్లెం సంగతికి వస్తాను. మా అపార్ట్‌మెంటులో ఎదురింట్లో ఉండేది కరీంనగర్ వైపు హిందూ కుటుంబం. ఆ మొదటి క్రిస్మస్‌కు నా భార్య పళ్లెంలో అరిసెలు, గులాబీ పువ్వులు పెట్టి, పైన గుడ్డ కప్పి, తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. తీసుకుంటారో లేదో అన్న పాత భయం. చివరకు బెల్లు కొట్టింది. ఆ ఇల్లాలు పళ్లెం అందుకుని, ‘‘లోపలికి రండి ఆంటీ’’ అంది. సంక్రాంతికి ఆ పళ్లెం తిరిగి వచ్చింది, నిండా సకినాలతో. మన ఇళ్లలో ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వరు కదా! నా భార్య వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. మా అమ్మ పళ్లెం దాటలేని గుమ్మాన్ని ఆమె పళ్లెం దాటింది.

ఈ నగరం మన నుంచి రాత్రిని తీసుకుంది, నిజమే. కానీ గుమ్మాలు తెరిచింది. అన్ని ఇళ్లలో అలా ఉందనను, ఇల్లు అద్దెకిచ్చే ముందు మన పేరు, మన తిండి ఆరా తీసేవాళ్లు ఇంకా ఉన్నారు. అయినా తెరిచిన గుమ్మాలున్నప్పుడు పళ్లెం పంపకుండా కూర్చోవడం మన తప్పు. కేరల్స్ బృందం గేటు దగ్గర ఆగి, యాప్‌లో అనుమతి వచ్చేదాకా వేచి ఉండాల్సిన రోజులివి. పది దాటితే మైకు పెట్టకూడదు. మంచిదే, నిద్రపోయే పసిబిడ్డలు, పరీక్షలున్న పిల్లలు అందరి ఇళ్లలో ఉంటారు. మైకు వెళ్లలేని చోటికి పళ్లెం వెళుతుంది.

ఇక ఏం చేయవచ్చో నాకు తోచినవి చెబుతాను.

మొదటిది, కుటుంబం తన గంటను తానే నిర్ణయించుకోవాలి. అర్ధరాత్రే కూడాలని లేఖనంలో లేదు. ఆదికాండములో అస్తమయం ముందు, ఉదయం తర్వాత. యూదులకు సాయంత్రంతోనే దినం మొదలు. షిఫ్ట్ ఆరింటికైతే నాలుగింటికి కూర్చోండి. తెల్లారి వస్తే తెల్లారి కూర్చోండి. లూకా 2వ అధ్యాయం ఇంట్లో చిన్నబిడ్డ చేత చదివించండి, ఒక కీర్తన పాడండి, ఒకే పళ్లెంలోంచి తినండి. పావుగంట చాలు. ఆ పావుగంట ఫోన్లు పక్కన పెట్టండి. అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడుతుంటే మాత్రం ఉంచండి.

రెండోది, ఒక్క వంటకమైనా ఇంట్లో చేయండి, అందరూ కలిసి చేయండి. పన్నెండు రకాలు అక్కర్లేదు. మిగతావి మిఠాయి దుకాణంలో తెచ్చుకున్నా తప్పులేదు. కానీ ‘మా అమ్మ అరిసెలు’ అని గర్వంగా చెప్పుకునే మగవాళ్లు ఆ అమ్మ పక్కన కూర్చుని నొక్కే చెక్క పట్టుకోవాలి. పగలు ఆఫీసు, రాత్రి పొయ్యి, తెల్లారి ఆరాధన, ఇలా ఇంటి ఆడవాళ్లను అలసిపోయేలా చేసి వాళ్లు గుడిలో కునికిపాట్లు పడితే నవ్వే ఆచారం మనకొద్దు. కోడలికి అరిసె రాదని వెక్కిరించే అత్తగారు, పాకం పట్టడం నేర్పించారా అని తనను తాను అడగాలి.

మూడోది, మొదటి పళ్లెం బయటికే. ఇంట్లోవాళ్లు రుచి చూడకముందే వాచ్‌మన్‌కు, చెత్త తీసుకెళ్లే తల్లికి, ఇస్త్రీ అతనికి, పక్కింటికి వెళ్లాలి. పాతబడ్డాక మిగిలినవి ఇవ్వడం వంతు పంపడం కాదు. పోలండ్ దేశంలో 24 సాయంత్రం భోజనాల బల్ల దగ్గర అనుకోని అతిథి కోసం ఒక చోటు ఖాళీగా ఉంచుతారు. మన మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఇంటికి వెళ్లలేని పిల్లలు ఎంతమంది లేరు! సెలవు దొరక్క, టికెట్టు దొరక్క గదిలో నూడుల్స్ తిని పడుకునే బిడ్డకు మన ఇంట్లో ఒక చోటు ఉంచలేమా? ఆ బిడ్డ తల్లి ఎక్కడో పల్లెలో మన కోసం ప్రార్థన చేస్తుంది.

నాలుగోది సంఘ కాపరులకు, పెద్దలకు. 24 సాయంత్రం తొందరగా ఒక ఆరాధన, 25 తెల్లవారుజామున మరొకటి పెట్టండి. షిఫ్ట్‌కు వెళ్లేవారి పేర్లు ముందే తీసుకుని వారి కోసం పేరుపేరునా ప్రార్థించండి. ఆసుపత్రుల్లో నర్సులు, డ్రైవర్లు, పోలీసులు కూడా ఆ వరుసలో ఉన్నారు. ఎవరు రాలేదో లెక్కపెట్టే సంఘం కన్నా, రాలేనివారికి డబ్బా పంపే సంఘం ధన్యమైనది.

ఐదోది ఉద్యోగులకు. మా అబ్బాయి తర్వాత టీమ్ లీడ్ అయ్యాడు. వాడు ఒక పద్ధతి పెట్టాడు: సంక్రాంతికి, దసరాకు, రంజాన్‌కు క్రైస్తవ పిల్లలు షిఫ్ట్ తీసుకుంటారు, 24 రాత్రి వాళ్ల బదులు మిగతావాళ్లు కూర్చుంటారు. ముందు అడిగింది మనవాళ్లే. ‘మాకు సెలవు కావాలి’ అని అడిగే ముందు ‘మీ పండుగకు మేం చేస్తాం’ అనడం క్రీస్తు నేర్పిన మర్యాద.

ఒప్పుకుంటాను, వీటితో అన్నీ సర్దుకోవు. కొన్ని ఇళ్లలో ఈ 24 రాత్రి కూడా ఇద్దరు ముసలివాళ్లు నక్షత్రం వెలిగించి, టీవీ ముందు కూర్చుని, లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూస్తారు. నాకు ఆ చూపు తెలుసు. వారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. బేత్లెహేములో ఆ రాత్రి మరియ, యోసేపులు కూడా బంధువుల మధ్య లేరు. సత్రంలో చోటు లేదు. పక్కన పొయ్యి లేదు, పిండివంట లేదు. వారి ఇంటికి మొదట వచ్చిన అతిథులు బంధువులు కారు, డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చిన పనివాళ్లు. ప్రభువు పుట్టిన ఇల్లు అప్పుడు నిండింది.

కాబట్టి ఈ 24 రాత్రి మన తలుపు తీసి ఉంచుదాం. డబ్బా నింపి ఉంచుదాం. షిఫ్ట్ దిగి వచ్చే బిడ్డ ఏ వేళకు వచ్చినా, నక్షత్రం ఆర్పకుండా మేలుకుని ఉందాం. దూత వార్త విన్న కాపరులు శిశువును చూసి, దేవుని మహిమపరుస్తూ మళ్లీ తమ మంద దగ్గరకే తిరిగి వెళ్లారు. మన బిడ్డలూ అలాగే సంతోషంగా తిరిగి పనికి వెళ్లేలా ప్రభువు మన ఇళ్లను దీవించును గాక. ఆమేన్.